‘జారిపడ్డాడు’ అని రాయించకండి

క్యాజువాలిటీలో స్ట్రెచర్ దించీ దించకముందే డ్యూటీ డాక్టరు అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఎలా తగిలింది?’ దానికి జవాబిచ్చేది సాధారణంగా గాయపడిన మనిషి కాదు. అతనికి నోరు పెగిలే ఓపిక ఉండదు. వెంట వచ్చిన బావమరిదో, పక్కింటాయనో చెబుతాడు: ‘బండి మీంచి జారిపడ్డాడు సార్.’ నిజానికి వెనకనుంచి కారు గుద్దింది. ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ తెలుసు. అయినా అలా చెప్పడానికి ఆ క్షణంలో కారణాలు గట్టిగానే కనిపిస్తాయి. పోలీసు కేసంటే ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చుకోరేమోనన్న భయం. కుర్రాడికి లైసెన్సు లేదన్న బెరుకు. లేదా కారు దిగివచ్చిన పెద్దమనిషి ‘ఖర్చంతా నాది, కేసొద్దు’ అని చెవిలో వేసిన మాట.

డాక్టరు ఆ మాటే రాసుకుంటారు. కింద తేదీ, టైమూ వేస్తారు. ఏడాది తర్వాత పరిహారం కేసులో బీమా కంపెనీ లాయరు జడ్జిగారి ముందు తెరిచి పెట్టే మొదటి కాగితం అదే. ‘ప్రమాదం జరిగిన గంటకే బంధువులు స్వయంగా జారిపడ్డాడని చెప్పారు. కారు సంగతి వారం తర్వాత పుట్టుకొచ్చింది’ అంటాడు. దీనికి జవాబు లేకపోలేదు గానీ, తేలిగ్గా గెలవాల్సిన కేసు అక్కడినుంచి ఏటికి ఎదురీదాల్సి వస్తుంది.

పోలీసు, ఆసుపత్రి, కోర్టు, బీమా కంపెనీ... ఈ నాలుగూ మామూలు సంసారికి ఒకేసారి ఎదురయ్యేది రోడ్డు ప్రమాదంలోనే. అందుకే హక్కుల గురించి చెప్పడానికి దాన్నే తీసుకున్నాను. చట్టం మనకిచ్చినవి తక్కువేం కాదు. చిక్కల్లా ఏమిటంటే, అవన్నీ మొదటి ఒకటి రెండు రోజుల్లో పుట్టే కాగితాల మీద నిలబడతాయి, అప్పుడే ఇంట్లో ఎవరికీ బుర్ర పనిచేయదు. ఏడ్చేవాళ్లను ఏడవనివ్వండి. ఒక్కరు మాత్రం, కోడలో, మేనల్లుడో, ఆఫీసులో ఫైళ్లు చూసే అలవాటున్న ఎవరైనా, ఆ కాగితాల్లో ఏం రాశారో చదివి, కాపీ తీసుకునే పని మీద ఉండాలి.

ఆసుపత్రి గుమ్మంలో

ముందు ఆ మొదటి భయం సంగతి. పోలీసు కేసు కాబట్టి చేర్చుకోం, ముందు స్టేషనుకి వెళ్లి రండి అనే అధికారం ఏ ఆసుపత్రికీ లేదు. 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. సర్కారీ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టాలి, పోలీసుల లాంఛనాలు తర్వాత. ఇప్పుడు డబ్బు విషయంలోనూ కొంత ఊరట ఉంది. 2025 మే నెలలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం, మోటారు వాహనం వల్ల రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజునుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందాలి. ఆ మనిషికి బీమా ఉందా, తప్పు ఎవరిది అన్న ప్రశ్నే రాదు. అడ్మిషన్ కౌంటర్లో అడ్వాన్సు అడిగితే ఈ పథకం పేరెత్తండి. వాళ్లు తలూపకపోతే 112కు ఫోన్ చేసి, దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఇది అమలవుతుందో కనుక్కోండి.

ఇక ‘ఎలా తగిలింది’ అన్న ప్రశ్నకు జవాబు. జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏ బండి గుద్దింది, ఎక్కడ, సుమారు ఎన్నింటికి. నంబరు తెలిస్తే నంబరు. తెలియకపోతే ‘నంబరు చూడలేదు, తెల్ల కారు’ అని చాలు. ఊహించి మాత్రం చెప్పకండి. డాక్టరు దాన్ని మెడికో లీగల్ కేసుగా, అంటే అందరూ ‘ఎమ్మెల్సీ’ అనేదానిగా రిజిస్టర్లో ఎక్కించి పోలీసులకు సమాచారం పంపుతారు. ఎక్కించారో లేదో, ఆ నంబరెంతో అడిగి రాసుకోవడం మీ పని. తర్వాత ఇచ్చే ‘ఊండ్ సర్టిఫికెట్’లో ప్రతి గాయం పక్కనా సింపులో, గ్రీవియసో రాస్తారు. ఆ ఒక్క ముక్కకు విలువ చాలా ఉంది. ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే. ఎక్స్‌రే తీయకముందే రాసిన సర్టిఫికెట్‌లో ‘సింపుల్’ అని ఉండి, తర్వాత ఫ్రాక్చర్ అని తేలితే, ఆ రిపోర్టు పట్టుకెళ్లి దర్యాప్తు అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకోండి. సెక్షన్ దాన్నిబట్టే మారుతుంది.

గాయపడినవాణ్ణి మోసుకొచ్చిన దారిన పోయే మనిషి ఉంటాడే, అతని భయం వేరు. సాయం చేసినందుకు సాక్షినని తిప్పుతారేమోనని ఇప్పటికీ చాలామంది ఫోనులో వీడియో తీస్తారు గానీ చెయ్యి వెయ్యరు. 2016లో సుప్రీంకోర్టు తీర్పు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఏ సెక్షను, ఆ తర్వాత వచ్చిన నిబంధనలు ఈ భయానికి ఆస్కారం లేకుండా చేశాయి. పేరు, చిరునామా చెప్పమని అతన్ని బలవంతపెట్టకూడదు. ఆసుపత్రిలో నిలిపి ఉంచకూడదు, డబ్బు కట్టమనకూడదు. సాక్ష్యం చెబుతానని తనంతట తానే ముందుకొస్తేనే సాక్షి. ప్రాణం కాపాడినవారికి కేంద్రం ఇచ్చే బహుమతిని 2025లో 5 వేల నుంచి 25 వేలకు పెంచారు కూడా.

స్టేషన్లో, రైటర్ బల్ల ముందు

మన ఇళ్లలో ‘స్టేషన్ గడప తొక్కని వంశం’ అని గొప్పగా చెప్పుకుంటారు. దెబ్బతిన్నవాడు ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లడం కూడా ఆ లెక్కలోనే పడిపోవడం విచారకరం. పాత మూడు చట్టాలు పోయి 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. సెక్షన్ల నంబర్లు మారడంతో పాతవి కంఠతా పట్టినవాళ్లు కూడా తడబడుతున్నారు. మీకు నంబర్లు అక్కర్లేదు. నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ఒక్కటి గుర్తుంటే ఫిర్యాదు మటుకు గట్టెక్కుతుంది.

అది చెప్పేదేమిటంటే: పోలీసులు కోర్టు అనుమతి లేకుండా దర్యాప్తు చేయగల నేరం గురించి చెబితే రాసుకోవాలి. నోటితో చెప్పినా రాసుకుని, చదివి వినిపించి, మీ సంతకం తీసుకోవాలి. ఆన్‌లైన్లో పంపితే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ‘ఇది మా లిమిట్స్ కాదు, ఆ స్టేషన్‌కి వెళ్లండి’ అనడానికి వీల్లేదు. ముందు నమోదు చేసుకుని తర్వాత వాళ్లే బదిలీ చేయాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటే ఇదే. కాపీ ఉచితంగా ఇవ్వాలి. నమోదైన ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, కొన్ని సున్నితమైన నేరాలు తప్ప. కాబట్టి ‘రేపు రా, ఎల్లుండి రా’ అన్నప్పుడు ఫోన్లోనే వెతుక్కోవచ్చు.

ఇక్కడొక మెలిక ఉంది. మీరిచ్చిన కాగితం మీద స్టాంపు వేసి తిరిగిచ్చినంత మాత్రాన ఎఫ్ఐఆర్ అయినట్టు కాదు. స్టేషన్ జనరల్ డైరీలో ఒక వరస రాసి ఊరుకోవచ్చు. ‘క్రైమ్ నంబరెంత సార్?’ అని అడగండి. ఆ నంబరు ఉంటేనే కేసు. ఫిర్యాదు తెలుగులో ఇవ్వండి, మీ మాటల్లో ఇవ్వండి. స్టేషన్ బయట కూర్చుని రాసిపెట్టేవాళ్లు ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ అన్న మాటలు చేర్చి పడికట్టుగా రాస్తారు. ఆ మాటలు అవసరమే గానీ వాటితోపాటు మీరు చూసింది ఉండాలి: కారు ఎటునుంచి ఎటు వస్తోంది, రోడ్డుకు ఏ వైపున గుద్దింది, లైట్లున్నాయా లేవా, అక్కడ కొట్టు ఎవరిది, దానికి సీసీ కెమెరా ఉందా. కెమెరాలో పాత దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగిపోతుంటాయి. కొట్టాయన్ని మీరే అడిగి కాపీ చేయించుకోవడం, అదే రోజు పోలీసులకు రాసి ఇవ్వడం మంచిది.

అసలు రాసుకోనే రాసుకోకపోతే? గొడవపడొద్దు. ఇంటికొచ్చి అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి, కమిషనరేట్ ఉన్న నగరాల్లో అక్కడి ఉన్నతాధికారికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రమాణపత్రంతో పిటిషన్ వేయవచ్చు, ఆ కోర్టు దర్యాప్తుకు ఆదేశించవచ్చు. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల నేరం స్పష్టంగా కనిపిస్తుంటే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. కొత్త చట్టం దానికో చిన్న సందు పెట్టింది. 3 ఏళ్లకు తక్కువ కాకుండా, 7 ఏళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. ఆ సందు అవసరమైనదానికంటే వెడల్పని నా అభిప్రాయం. కాబట్టి ‘ఎంక్వైరీలో ఉంది’ అన్న జవాబొస్తే, ఏ తేదీన మొదలైందో అడిగి రాసుకుని 14 రోజులు లెక్కపెట్టండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాల్సిన బాధ్యత కూడా పోలీసులదే.

స్టేషన్ ఎదుటి టీకొట్టు

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది స్టేషన్లో కాదు, దాని ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర. సాయంత్రానికల్లా కారాయన తరపున నలుగురు, మీ ఊరి పెద్దమనుషులు ఇద్దరు చేరతారు. ‘కోర్టులకు తిరిగి ఏం బాగుపడతారు? యాభై వేలు తీసుకుని సంతకం పెట్టండి’ అంటారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ‘ఇకమీదట ఎలాంటి కేసులూ వేయను’ అని రాసి ఉంటుంది. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు. రాజీ మన పల్లెల్లో మర్యాద కిందే లెక్క. కానీ ఆ కాగితం రెండు వేరువేరు విషయాల్ని ఒకే మూట కడుతోంది.

మొదటిది డ్రైవరు మీద క్రిమినల్ కేసు. గాయాలతో సరిపోయిన కేసైతే కోర్టు అనుమతితో రాజీపడవచ్చు. మనిషి చనిపోయిన కేసు స్టేషన్లోనో, లోక్ అదాలత్‌లోనో రాజీపడే జాబితాలో లేనే లేదు. రెండోది పరిహారం. అది ఇచ్చేది చాలావరకు ఆ కారాయన జేబులోంచి కాదు, అతను ఏటా ప్రీమియం కట్టిన బీమా కంపెనీ. అంటే మీరు అతని మీద జాలిపడి వదులుకునేది అతని డబ్బు కాదు. ఈ సంగతి టీకొట్టు దగ్గర ఎవరూ చెప్పరు. వైద్యానికి అతను డబ్బిస్తే తీసుకోండి, తప్పు లేదు. ఫోన్‌పేలోనో, చెక్కుగానో తీసుకోండి. రసీదు ఇవ్వాల్సివస్తే ‘వైద్య ఖర్చుల నిమిత్తం’ అని రాయండి. ‘పూర్తి పరిహారంగా’ అన్న మాట ఉన్న కాగితం మీద ఆ వారంలో ఎవరూ సంతకం పెట్టకూడదు.

ఆ కారు నడిపింది మీరే అయితే

ఈ అవకాశం గురించి మనం ఆలోచించం. స్టీరింగు పట్టిన ప్రతివాడూ ఏదో ఒకరోజు ఇటువైపు నిలబడవచ్చు. చట్టం ముందుగా అడిగేది పారిపోవద్దని. గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోగా పోలీసులకు చెప్పాలి. జనం కొట్టేలా ఉంటే అక్కడ నిలబడాల్సిన పనిలేదు, నేరుగా దగ్గరి స్టేషనుకు వెళ్లండి. ఆ మినహాయింపు చట్టంలోనే ఉంది.

తర్వాత స్టేషనునుంచి ఫోనొస్తుంది: ‘ఒకసారి వచ్చి పో.’ వెళ్లి కూర్చుంటే పొద్దు కుంకేదాకా కూర్చోబెడతారు. అడగాల్సింది మర్యాదగా ఒక్క మాట: ‘సార్, నన్ను సాక్షిగా పిలిచారా, నిందితుడిగానా? నోటీసిస్తారా?’ 7 ఏళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు యాంత్రికంగా చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్లో ‘41ఏ నోటీసు’ అనేవారు, ఇప్పుడది నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద వస్తుంది. నోటీసుకు హాజరవుతూ సహకరిస్తున్నంతకాలం అరెస్టు మామూలుగా ఉండదు. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో అదే కోర్టు స్పష్టం చేసింది. సాక్షులుగానైతే ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు మగపిల్లలను, 60 దాటినవాళ్లను, వికలాంగులను, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లను స్టేషనుకు రమ్మనకూడదు. పోలీసులే ఇంటికి వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. ఆ వాంగ్మూలం మీద సంతకం అడగకూడదు. ఫిర్యాదు మీద సంతకం ఉంటుంది, సాక్షి వాంగ్మూలం మీద ఉండదు. ఈ తేడా తెలియక ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి వచ్చినవాళ్లు ఎందరో.

నిజంగానే అరెస్టు చేస్తే? ఎందుకు చేస్తున్నారో చెప్పాలి. ఆ కారణాలు రాతపూర్వకంగా, మీకు అర్థమయ్యే భాషలో ఉండాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని నేరాలకూ వర్తించేలా చెప్పింది. ఆ లెక్కన తెలుగు మాత్రమే వచ్చినవాడికి కారణాలు తెలుగులోనే ఉండాలి. మీరు చెప్పిన బంధువుకో, స్నేహితుడికో కబురు చేయాలి. వైద్య పరీక్ష చేయించాలి. ప్రయాణం పట్టే సమయం తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ప్రశ్నించే సమయంలో లాయర్ని కలిసే హక్కుంది, అడుగడుగునా పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం లేదు. మీకు మీరే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాల్సిన పనిలేదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతోంది. పొద్దుగూకాక, తెల్లారకముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ఉండాలి, ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి.

మామూలు రోడ్డు ప్రమాదంలో, దురదృష్టం కొద్దీ ప్రాణం పోయినా సరే, నిర్లక్ష్యం కింద పెట్టే సెక్షన్ బెయిలబుల్. అంటే పూచీకత్తు ఇస్తే స్టేషన్లోనే బెయిలివ్వాలి. అది దయ కాదు, మీ హక్కు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే అది లంచమే. తాగి నడిపితే ఈ కథ పూర్తిగా మారిపోతుంది. అప్పుడు పెట్టే సెక్షన్లు వేరు కావచ్చు, అక్కడ ఈ అధ్యాయం మీకు పెద్దగా అక్కరకు రాదు.

36 లక్షల లెక్క

పరిహారం ఎంత అన్నది జడ్జిగారి మనసును బట్టి ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేఠీ కేసుల్లో సుప్రీంకోర్టు పద్దు గీసినట్టు సూత్రం గీసిపెట్టింది. ఎవరైనా ఇంట్లో కాగితం మీద వేసుకోవచ్చు.

ఒక టైల్స్ మేస్త్రీ ప్రమాదంలో చనిపోయాడనుకుందాం. వయసు 34. నెలకు 18,000 సంపాదన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సొంత పని చేసుకునే మనిషి, 40 ఏళ్లలోపు కాబట్టి, ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి. 25,200 అవుతుంది. నలుగురు అతని మీద ఆధారపడ్డారు కాబట్టి అతని సొంత ఖర్చుకు నాలుగోవంతు తీసేస్తే 18,900. ఏడాదికి 2,26,800. ముప్పై ఒకటి నుంచి ముప్పై అయిదేళ్ల వయసుకు గుణకం 16. మొత్తం 36,28,800. దీనిపైన అంత్యక్రియలకు, ఆస్తి నష్టానికి, భార్యాపిల్లలు, తల్లి కోల్పోయిన తోడుకు వేరే మొత్తాలు కలుస్తాయి. టీకొట్టు దగ్గర మాట్లాడిన యాభై వేలను ఇప్పుడు దీని పక్కన పెట్టి చూడండి.

లెక్క సులువే. 18,000 సంపాదించేవాడని రుజువు చేయడమే కష్టం. రుజువు లేకపోతే కోర్టు తనకు తోచిన కూలి లెక్క వేస్తుంది, అది తరచుగా తక్కువే. అందుకని ఫోన్‌పే స్టేట్‌మెంట్లు, భవన నిర్మాణ కార్మికుడి గుర్తింపు కార్డు, పని ఇచ్చిన ఇంటి యజమాని సాక్ష్యం, చిట్టీ కట్టిన పుస్తకం, పిల్లల ప్రైవేటు స్కూలు ఫీజు రసీదులు... సంపాదన స్థాయి చూపించే ఏ కాగితమైనా పనికొస్తుంది. ఇల్లాలికి ‘ఆదాయం లేదు’ అన్న వాదన ఇప్పుడు చెల్లదు. ఆమె ఇంటి చాకిరీకి విలువ కట్టి తీరాలని, దానికీ భవిష్యత్ పెరుగుదల కలపాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

బతికి బయటపడి అంగం పోగొట్టుకున్నవాళ్ల లెక్క ఇంకా సూక్ష్మమైనది. మెడికల్ బోర్డు సర్టిఫికెట్లో 60 శాతం వైకల్యం అని రాస్తే సంపాదన కూడా 60 శాతమే పోయిందని అర్థం కాదు. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకు, వడ్రంగికి నూటికి నూరుపాళ్లూ జీవనోపాధి పోయినట్టే. అదే చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలబడవచ్చు. 2010లో రాజ్ కుమార్ కేసు ఈ తేడాను విడమర్చి చెప్పింది. మీ లాయరు పిటిషన్లో ‘డిజెబిలిటీ ఇంత శాతం’ అని రాసి వదిలేస్తే, నా పని ఏమిటో, ఏ పని ఇక చేయలేనో వివరంగా రాయమని అడగండి.

పిటిషన్ వేయాల్సింది మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్లో, అంటే సాధారణంగా జిల్లా కోర్టులో. ప్రమాదం విజయవాడ హైవే మీద జరిగినా మీరుండేది కరీంనగర్ అయితే అక్కడే వేయవచ్చు. గడువు 6 నెలలు. ఈ గడువు చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు ముందుంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతరంగా చెప్పింది కూడా. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, ఆరు నెలల్లోనే వేయండి. 2022 నుంచి పోలీసులకే కొన్ని బాధ్యతలు పెట్టారు: 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. మధ్యలో బాధితుడి హక్కుల పత్రం మీకివ్వాలి. చాలాచోట్ల ఇవ్వరు. ‘ఫస్ట్ యాక్సిడెంట్ రిపోర్ట్ పంపారా సార్, నా కాపీ ఇవ్వండి’ అని మీరు అడిగితే ఫైలు కదులుతుంది.

ఇంకో రెండు మూడు సంగతులు. గుద్దినవాడికి లైసెన్సు లేకపోయినా మీరు హడలిపోనక్కర్లేదు. బీమా కంపెనీ ముందు మీకు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశిస్తుంటాయి. గుద్దిన బండేదో తెలియకుండానే పోతే, చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది. దానికి రెవెన్యూ డివిజన్ స్థాయిలో దరఖాస్తు చేయాలి. పెళ్లికనో, జాతరకనో డీసీఎంలో, ట్రాక్టరు ట్రాలీలో జనాన్ని ఎక్కించుకుని వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక: సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు బీమా కంపెనీ బాధ్యత వహించదు. తీర్పు వచ్చినా అది ఆ బండి యజమాని ఇల్లూ పొలం మీద పడుతుంది. అతను మీ ఊరివాడే అయి ఉంటాడు.

రోడ్డు మీద కాక పొలంలో తెగిపడిన కరెంటు తీగ తగిలితే, బాధ్యత విద్యుత్ సంస్థదే. నిర్లక్ష్యాన్ని నిరూపించాల్సిన భారం కూడా మీ మీద లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ అక్కడా ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు ఉండాల్సిందే. ‘ఎటూ పోయాడు, కొయ్యడమెందుకు’ అని పోస్ట్‌మార్టం వద్దనుకునే కుటుంబాలు ఆ కాగితంతోపాటు పరిహారాన్ని కూడా పాతిపెడుతున్నాయి.

లాయరు, ఫీజు, డబ్బు

ప్రమాదం జరిగిన మర్నాడే ఆసుపత్రి వరండాలో ‘మా సార్ పైసా తీసుకోకుండా కేసేస్తారు, వచ్చాక ముప్పై శాతం ఇస్తే చాలు’ అనే మనిషి ఎదురవుతాడు. గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలే నిషేధించాయి. 36 లక్షల్లో 30 శాతం అంటే ఎంతో లెక్కవేసుకుని, ఫీజు ఇంత అని ముందే అంకె మాట్లాడుకోండి.

డబ్బు లేకపోతే ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఎంత ఆదాయం ఉన్నా ఉచితంగా లాయర్ని పొందవచ్చు. మిగతావారికి ఆదాయ పరిమితి వర్తిస్తుంది. తెల్లకాగితం మీద తెలుగులో దరఖాస్తు రాసిస్తే చాలు. ఫోను 15100. భర్త పోయిన ఆడమనిషికి ఇది హక్కని చెప్పేవాళ్లు లేక, ఆమె వరండాలో కనిపించినవాడికే వకాలత్ మీద సంతకం పెట్టేస్తుంది.

లోక్ అదాలత్‌కు రమ్మని బీమా కంపెనీ పిలిస్తే వెళ్లండి. వాళ్లు చెప్పిన మొత్తాన్ని మీరు ఇంట్లో వేసుకున్న లెక్క పక్కన పెట్టి చూడండి. ఏళ్లు గడవకుండా చేతికొచ్చే డబ్బుకు కొంత తగ్గడం తెలివితక్కువేం కాదు. సగానికి సగం తగ్గమంటే మాత్రం లేచి రండి, కేసు మళ్లీ కోర్టులో యథాప్రకారం నడుస్తుంది. సంతకం పెట్టాక మాత్రం దాని మీద అప్పీలు లేదు. పరిహారం మీ బ్యాంకు ఖాతాలోనే జమవుతుంది. పిల్లల వాటాను వాళ్లకు మైనారిటీ తీరేదాకా డిపాజిట్లో ఉంచమని కోర్టే సాధారణంగా ఆదేశిస్తుంది. ఆ ఖాతా తెరిచినరోజే ‘సౌకర్యం కోసం’ అంటూ పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఎవరడిగినా ఇవ్వకండి. మాట్లాడుకున్న ఫీజు డబ్బు జమయ్యాక మీ చేత్తో రాసిన చెక్కుగా ఇచ్చి, రసీదు తీసుకోండి.